రాత్రిపూట కప్పలు వెతకడం: వానాకాలంలో స్నేహితులతో వెళ్లేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

కప్పల్ని వెతకడం కంటికన్నా చెవికి ఎక్కువ పని. టార్చి కొనే ముందు నిశ్శబ్దంగా నిలబడటం నేర్చుకోవాలి. ఈ ప్రశ్నలూ జవాబులూ ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పల్లెలు, ఊరి చివర కుంటలు, పొలాలను దృష్టిలో పెట్టుకుని రాసినవి.

ఏ నెలల్లో, ఏ వేళకి వెళ్లాలి?

తెలంగాణలో, కోస్తా ఆంధ్రలో ఎక్కువ భాగానికి జూన్ నుంచి సెప్టెంబరు వరకు. మృగశిర కార్తె వచ్చి నాలుగు చుక్కలు రాలితే సరిపోదు. నేల తడిసి, పల్లంలో నీళ్లు నిలవాలి. పొలాల్లో ఎర్రటి ఆరుద్ర పురుగులు కనిపిస్తున్నాయంటే టార్చి చార్జింగులో పెట్టుకోవచ్చు. నెల్లూరు, తిరుపతి వైపు అసలు వానలు ఈశాన్య రుతుపవనాలవి కాబట్టి అక్కడ అక్టోబరు, నవంబరు మేలు.

అన్నిటికన్నా మంచి రాత్రి, ఆ ఏడాది మొదటి పెద్ద వాన పడిన రాత్రి. దాని మర్నాటి రాత్రి కూడా బాగుంటుంది. బోదురుకప్పలు, ఉబ్బుకప్పలు ఏడాదిలో ఎక్కువ కాలం మట్టిలో దాక్కుని, ఆ రెండు మూడు రాత్రుల్లోనే పెద్ద ఎత్తున బయటికి వచ్చి గుడ్లు పెడతాయి. వారం తర్వాత వస్తాం, ఆదివారం చూసుకుందాం అంటే అవి ఆగవు. అందుకే వెళ్లే బృందం ముందే సిద్ధంగా ఉండాలి. వాన పడ్డ సాయంత్రం ఒకరు ఫోన్ చేస్తే గంటలో బయల్దేరగలగాలి.

చీకటి పడ్డాక ఏడున్నర నుంచి పదిన్నర దాకా చాలు. ఉరుములు వినిపిస్తుంటే వెళ్లొద్దు. చివరి ఉరుము వినిపించాక కనీసం 30 నిమిషాలు ఇంట్లోనే ఆగండి. నీళ్లు నిలిచిన బయలు ప్రదేశంలో నిటారుగా నిలబడ్డ మనిషి పిడుగుకి సులువుగా దొరుకుతాడు.

పెద్ద చెరువుకి వెళ్తే ఎక్కువ కప్పలు దొరుకుతాయా?

లేదు, చాలాసార్లు దీనికి తలకిందులుగా ఉంటుంది. ఏడాది పొడుగునా నీళ్లుండే చెరువులో చేపలుంటాయి. చేపలు గుడ్లనీ, తోకకప్పలనీ తినేస్తాయి. అందుకే చాలా జాతులు వాన పడితే నిండి, నెలా రెండు నెలల్లో ఎండిపోయే గుంటల్నే ఎంచుకుంటాయి. రోడ్డు వేయడానికి మట్టి తీసిన పల్లాలు, బడి మైదానం మూల, కొత్తగా దున్నిన మాగాణి, నారుమడి, బండరాళ్ల మీద నిలిచిన నీళ్లు, ఇటుక బట్టీల పక్క గుంతలు, కట్టడం మొదలుకాని ప్లాట్లు. ఇవన్నీ మనిషి కంటికి బురద, కప్పకి పురిటిల్లు.

పగలే ఒకసారి వెళ్లి చూడండి. నీళ్లు ఎంత లోతు, నడవడానికి గట్టు ఎటు, బావి ఎక్కడ, ఎవరి పొలం అన్నవి వెలుతురులో తెలుసుకోవాలి. రాత్రిపూట మొదటిసారి అడుగుపెట్టే చోటు ఏదీ ఉండకూడదు. మేం కచ్చితంగా పాటించమనే నియమాల్లో ఇది మొదటిది.

అడవిలోకి వెళ్లొచ్చా?

రిజర్వు అడవి, అభయారణ్యం, పులుల అభయారణ్యాల్లోకి అటవీశాఖ అనుమతి లేకుండా వెళ్లడం నేరం. రాత్రిపూట మరీను. నల్లమల, పాపికొండలు, అరకు వైపు అడవుల్లో కప్పల మీద పరిశోధన చేసేవాళ్లు కూడా రాతపూర్వక అనుమతితో, సిబ్బందిని వెంటబెట్టుకునే వెళ్తారు. తూర్పు కనుమల్లో అరుదైన పొద కప్పలున్న మాట నిజం. రావోర్కెస్టిస్ టెరెబ్రాన్స్ అనే చిన్న కప్పను 1998లో విశాఖపట్నం జిల్లా నుంచే కొత్త జాతిగా వర్ణించారు. కానీ మొదటి రెండు మూడు వానాకాలాలు నేర్చుకోవడానికి ఊరి కుంట చాలు. అక్కడే ఎనిమిది పది రకాలు ఎదురవుతాయి.

పొలమైతే రైతుని అడగండి. ఊరైతే ఇద్దరు ముగ్గురు పెద్దలకి చెప్పండి. రాత్రి టార్చీలతో తిరిగే కొత్త ముఖాల్ని చూసి దొంగలనో, పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లనో అనుకోవడం చాలా ఊళ్లలో జరిగేదే. "కప్పల అరుపులు వినడానికి వచ్చాం, ఏదీ పట్టుకోం" అని ముందే చెబితే సగం ఊరు వెంట వస్తుంది, ఏ కప్ప ఏ గుంటలో ఉందో వాళ్లే చూపిస్తారు.

ఎంతమంది వెళ్లాలి?

ముగ్గురికి తగ్గొద్దు, ఐదుగురికి మించొద్దు. ముగ్గురెందుకంటే, ఒకరికి దెబ్బ తగిలితే ఒకరు పక్కన ఉండాలి, ఇంకొకరు రోడ్డు మీదికి పరుగెత్తాలి. ఐదుగురు దాటితే అడుగుల చప్పుడుకే కుంట మూగబోతుంది.

ముందు నడిచేవాళ్లు చూపు నేల మీదే ఉంచాలి, కర్రతో తట్టుకుంటూ పోవాలి. వాళ్లు కప్పల్ని వెతకకూడదు. వెతికేది రెండో మనిషి. ఒకరు రాసుకోవడం, ఒకరు సమయం, ఫోన్, బండి తాళం చూసుకోవడం. పిల్లలు వస్తే ఒక్కో పిల్లకి ఒక్కో పెద్ద. మద్యం తాగినవాళ్లని తీసుకెళ్లొద్దు. నీళ్లు, పాములు, చీకటి ఉన్నచోట ఈ ఒక్క విషయంలో మొహమాటం పనికిరాదు.

ఏమేం తీసుకెళ్లాలి?

మనిషికొక హెడ్‌లైటు, 200 నుంచి 300 ల్యూమెన్లది చాలు. బృందానికి అదనంగా ఒక చేతి టార్చి, విడి బ్యాటరీలు. ఫోన్ టార్చి మీద ఆధారపడొద్దు. బ్యాటరీ అయిపోతే వెలుతురూ పోతుంది, అంబులెన్సుకి ఫోనూ పోతుంది. మోకాళ్ల దాకా వచ్చే రబ్బరు గంబూట్లు తప్పనిసరి, చెప్పులతో రానివ్వొద్దు. వేసుకునే ముందు వాటిని తలకిందులు చేసి దులపండి, తేళ్లు దూరి ఉంటాయి. నిండు ప్యాంటు, నిండు చేతుల చొక్కా, ఐదడుగుల కర్ర, తాగే నీళ్లు, ఒక పొడవాటి గుడ్డ, జిప్ కవరులో ఫోన్.

రాసుకోవడానికి పెన్సిలు. పెన్ను తడి కాగితం మీద రాయదు. కొలతకి 15 సెంటీమీటర్ల స్కేలు.

దోమల మందు మెడకీ చీలమండలకీ రాసుకోండి, అరచేతులకి వద్దు. కప్ప తన చర్మంతోనే నీటిని పీల్చుకుంటుంది, కొంత ఊపిరీ దాంతోనే. మన చేతికున్న మందు నేరుగా దాని ఒంట్లోకి పోతుంది.

కప్ప అరుస్తోంది, కానీ కనపడటం లేదు. ఎలా పట్టుకోవాలి జాడ?

అందరూ ఓడిపోయేది ఇక్కడే. అరుపు వినగానే టార్చి వేసుకుని అటు నడుస్తారు. కప్ప ఆగిపోతుంది. ఇంకాస్త ముందుకు పోతారు. ఇక అది నోరెత్తదు.

ముందు కుంటకి ఇరవై అడుగుల దూరంలో ఆగండి. లైట్లన్నీ ఆర్పేయండి. మాటలు ఆపి, కదలకుండా ఐదు నిమిషాలు నిలబడండి. మొదటి రెండు నిమిషాలు కీచురాళ్లు తప్ప ఏమీ వినిపించవు. మూడో నిమిషానికి ఒక ధైర్యం గల కప్ప మొదలుపెడుతుంది. దాన్ని విని పక్కది, ఆపై కుంటంతా. అలా మళ్లీ అందుకున్నాక అందులో ఒక్క గొంతుని ఎంచుకోండి.

ఇప్పుడు ఇద్దరు పదిహేను అడుగుల ఎడంగా నిలబడి, ఆ గొంతు వచ్చే వైపుకి చెయ్యి చాపండి. ఒక్కరి చెవి దిక్కు చెబుతుంది కానీ దూరం చెప్పదు. ఇద్దరి చేతులు చూపే గీతలు ఎక్కడ కలుస్తాయో కప్ప అక్కడ ఉంటుంది. చెయ్యి దించకుండా మూడో మనిషిని ఆ కలిసే చోటికి పంపండి. అరుస్తున్నంతసేపే అడుగు వేయాలి, ఆగితే ఆగాలి. నాలుగైదు అడుగుల దూరానికి వచ్చాక లైటు వేసి నీటి అంచు, గడ్డి మొదళ్లు చూడండి.

చిన్న కప్పల గొంతు మోసం చేస్తుంది. బొటనవేలి గోరంత కప్ప పెద్ద శబ్దం చేస్తుంది కాబట్టి అందరూ దూరంగా వెతుకుతారు, అది కాళ్ల దగ్గరే గడ్డి కింద ఉంటుంది. దొరక్కపోతే మీ బూట్ల చుట్టూ ఒకసారి చూసుకోండి.

అరిచేవి మగ కప్పలే. ఆడ కప్పలు చప్పుడు లేకుండా అటువైపు వస్తుంటాయి, మీ దారిలోనే ఉండొచ్చు. చూసి అడుగు వేయండి.

రికార్డు చేసిన అరుపు ఫోన్లో వినిపిస్తే బదులిస్తాయట కదా?

ఇస్తాయి. కానీ అలా చేయొద్దు. అరవడానికి మగ కప్పకి చాలా శక్తి ఖర్చవుతుంది, జత కట్టే రాత్రులు దానికి కొద్దే. లేని పోటీదారుతో దాన్ని పోరాడించడం అన్యాయం.

కళ్లు మెరుస్తాయంటారు, నిజమేనా?

నిజం. అయితే లైటు మీ కళ్ల పక్కనే ఉండాలి. హెడ్‌లైటు అందుకే మేలు. చేతి టార్చినైతే కణత దగ్గర పట్టుకుని, నేలకి వాలుగా, నెమ్మదిగా తిప్పండి. గడ్డిలో వెలిగే మంచు బిందువుల్లాంటి సన్నటి నీలిపచ్చ మెరుపులు వందల్లో కనిపిస్తే అవి సాలీళ్లు. కప్ప కన్ను కాస్త పెద్దది, స్థిరంగా ఉంటుంది.

ఏ అరుపు ఏ కప్పది?

పేర్లు ఊరూరికీ మారతాయి కాబట్టి రూపం కూడా చెబుతున్నాం.

బోదురుకప్ప, అంటే హోప్లోబాట్రాకస్ టైగెరినస్. లోతైన గొంతుతో "క్రోం... క్రోం". పిడికిలిని మించిన ఒళ్లు, వీపు మీద నిలువు మడతలు. జత కట్టే కాలంలో మగవి నిమ్మపండు పసుపుకి తిరుగుతాయి, గొంతుకి రెండు వైపులా ముదురు నీలం సంచులు ఉబ్బుతాయి. ఆ రంగు కొద్ది రోజులే. ఎవరో రంగు పూశారేమో అనిపించే ఈ దృశ్యం మన మాగాణుల్లోనే జరుగుతుంది, పగలు కూడా చూడొచ్చు.

గోండ్రుకప్ప ఆగకుండా సాగే "కుర్ర్ర్ర్" అంటుంది. పొడి చర్మం, నల్లటి మొనల బొడిపెలు, కళ్ల వెనక ఉబ్బిన గ్రంథులు. దూకడం తక్కువ, నడకా చిన్న గెంతులూ ఎక్కువ. వీధిలైటు కింద పురుగుల కోసం కూర్చునేది ఇదే.

చెట్టుకప్ప చెక్క మీద వేలితో కొట్టినట్టు "టక్ టక్ టక్" అంటుంది. వేళ్ల చివర గుండ్రటి పలకలు, గోడలెక్కుతుంది, స్నానాల గదుల్లో కుళాయి వెనక కూర్చునేది ఇదే. నీటి పైన వేలాడే కొమ్మకో, తొట్టి గోడకో తెల్లటి నురగ ముద్ద కనిపిస్తే అది దీని గూడు. ముట్టుకోవద్దు. పిల్లలు అందులోంచే కింది నీళ్లలోకి జారతాయి.

సన్ననోటి కప్పలు, మైక్రోహైలా ప్రజాతివి (ప్రజాతి అంటే దగ్గరి జాతుల గుంపు), రెండు మూడు సెంటీమీటర్లే. దువ్వెన పళ్ల మీద గోరు లాగినట్టు గరగరమని బిగ్గరగా వినిపిస్తాయి. ముక్కోణపు ఒళ్లు, చిన్న తల. వీటి గుడ్లు నీటి మీద పలచటి పొరలా తేలతాయి. గోండ్రుకప్పవైతే పొడవాటి జిగురు దారాల్లో నల్లపూసల్లా ఉంటాయి.

నీళ్ల మీదే తేలుతూ, అలికిడికి నీటిపైన రాయి విసిరితే ఎగిరినట్టు తపతప గెంతుకుంటూ పోయేది యూఫ్లిక్టిస్. దీని కళ్లు తలపైకి ఉంటాయి. ఏడాది పొడుగునా ఉంటుంది. మొదటిసారి వెళ్లేవాళ్లకి దాదాపు ఖాయంగా కనిపించే కప్ప.

గట్ల మీద కీచురాయిలా అరిచే మూడు నాలుగు సెంటీమీటర్ల కప్పలు మినర్వేరియా. వీటిలో జాతిని కంటితో తేల్చడం నిపుణులకే కష్టం, కాబట్టి ప్రజాతి పేరు రాసి ఆపేయండి. తప్పు పేరు రాయడం కన్నా సగం పేరు రాయడం మంచిది.

పాముల సంగతేమిటి?

కప్పలున్న చోటికి పాములు వస్తాయి. అది వాటి వంటిల్లు. నీటిలో కనిపించేది ఎక్కువగా నీరుకట్టె, విషం లేనిది. కానీ గట్ల మీద రక్తపింజర, నాగుపాము, కట్లపాము, రాళ్ల నేలల్లో చిన్నపింజర ఉంటాయి. వీటిలో ఏదో ఒకటి ఎదురవుతుందనే లెక్కతోనే వెళ్లాలి.

చెయ్యి పెట్టబోయే చోటు ముందు కంటితో చూడాలి. రాళ్లు, దుంగలు చేత్తో ఎత్తొద్దు. గుబురు గడ్డిలో నడవొద్దు. పాము కనిపిస్తే ఆరడుగుల దూరంలో ఆగి, దానికి దారివ్వండి.

కాటు పడితే మనిషిని పడుకోబెట్టండి, నడవనివ్వొద్దు. ఉంగరాలు, వాచీ, బూటు తీసేయండి. ఎముక విరిగినప్పుడు కట్టినట్టు కర్ర ఆనించి గుడ్డతో కాలు కదలకుండా కట్టండి, రక్తం ఆగేంత బిగువుగా వద్దు. కోయడం, నోటితో పీల్చడం, తాడు బిగించడం, పసరు పోయడం ఏదీ చేయొద్దు. 108కి ఫోన్ చేయండి, లేదా ఉన్న బండిలోనే తీసుకెళ్లండి. విషానికి విరుగుడు ఉన్న దగ్గరి ప్రభుత్వాసుపత్రి ఏదో పగలే కనుక్కుని కాగితం మీద రాసుకోండి. ఈ నాలుగు పాములకీ పనిచేసే విరుగుడు మందు ఒకటే, కాబట్టి పామును పట్టుకుని తేవాల్సిన పని లేదు.

కట్లపాము కాటు గురించి వేరుగా చెప్పాలి. నొప్పి ఉండదు, గాటు కూడా సరిగ్గా కనపడదు. కొన్ని గంటల తర్వాత కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం మొదలవుతాయి. "ఏదో గుచ్చుకున్నట్టుంది" అని ఎవరైనా అంటే ఆ మాటని తేలిగ్గా తీసుకోకుండా ఆసుపత్రికి వెళ్లండి.

పాములు కాక ఇంకేం భయాలున్నాయి?

మా లెక్కలో పాముకన్నా ముందు రావాల్సింది కరెంటు తీగ. అడవిపందుల నుంచి పంట కాపాడుకోవడానికి కొందరు చేను చుట్టూ సన్నటి ఇనుప తీగ కట్టి నేరుగా కరెంటు ఇస్తారు. చట్టవిరుద్ధం, అయినా జరుగుతోంది. మోకాలి ఎత్తులో ఉండే ఆ తీగ రాత్రి కనిపించదు, నేల తడిగా ఉంటే తప్పించుకునే వీలుండదు. మొక్కజొన్న, వేరుశనగ చేల అంచుల్లో, అడవికి దగ్గర పొలాల్లో రైతు పక్కన లేకుండా అడుగుపెట్టొద్దు. తీగని కర్రతో కూడా కదపొద్దు, తడి కర్ర కాపాడదు. ఎవరైనా పడిపోతే చెయ్యి పట్టి లాగొద్దు. ముందు కరెంటు ఆగాలి. రైతుకి, కరెంటు శాఖ నంబరు 1912కి, 108కి ఒకేసారి ముగ్గురు ఫోన్ చేయండి.

తర్వాతది బావులు. తెలంగాణ పొలాల్లో నేల మట్టానికి నోరు తెరిచి, గోడ లేకుండా, చుట్టూ గడ్డి పెరిగిన వ్యవసాయ బావులు చాలా ఉన్నాయి. ఆపైన చెరువు గుంతలు. మట్టి కోసం జేసీబీతో తవ్విన గోతులు వాన నీటి కింద కనపడవు, ఒక అడుగు చీలమండ లోతులో, మరుసటి అడుగు తల మునిగే లోతులో పడుతుంది. నీటిలో చీలమండ దాటి దిగొద్దు. నీళ్లు నిండిన క్వారీలకి అసలే వద్దు.

కాలికి పుండుంటే బురదలోకి రావొద్దు. ఎలుకల మూత్రం కలిసిన నీటితో లెప్టోస్పైరోసిస్ సోకుతుంది. వెళ్లొచ్చాక రెండు మూడు వారాల్లో జ్వరం వస్తే, నీళ్లలో తిరిగామని డాక్టరుకి చెప్పండి.

కప్పని పట్టుకోవచ్చా? ముట్టుకుంటే పులిపిర్లు వస్తాయా?

రావు. పులిపిర్లు మనుషుల వైరస్ వల్ల వస్తాయి. గోండ్రుకప్ప కళ్ల వెనక గ్రంథుల్లోని పాలలాంటి ద్రవం మాత్రం విషమే. చేయి కళ్లకి, నోటికి తగిలితే మండుతుంది. కుక్క నోట కరిస్తే దానికి ప్రమాదం, కాబట్టి కుక్కల్ని తీసుకెళ్లొద్దు.

పట్టుకోవాల్సిన అవసరం చూసేవాళ్లకి లేదు. దారిలోంచి తప్పించాల్సి వస్తే అదే కుంట నీళ్లతో చెయ్యి తడుపుకుని తీయండి. ఆడ కప్ప వీపు మీద మగది ఎక్కి ఉంటే విడదీయొద్దు.

ఇంటికి తెచ్చుకోవచ్చా?

వద్దు. ఒకప్పుడు కప్ప కాళ్ల ఎగుమతి కోసం మన దేశంలో బోదురుకప్పల్ని లెక్కలేకుండా పట్టారు. 1985లో ఈ జాతి, వన్యజీవుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం సైటిస్ రెండో అనుబంధంలో చేరింది, 1987లో భారత ప్రభుత్వం ఎగుమతిని నిషేధించింది. తోకకప్పల్ని సీసాలో తెచ్చుకోవడమూ అలాంటిదే. బోదురుకప్ప పిల్లలు తోటి తోకకప్పల్ని తినేస్తాయి, ఉదయానికి సీసాలో ఒకటే మిగులుతుంది.

వానలు ముఖం చాటేసిన ఏడు తెలంగాణ పల్లెల్లో రోకలికి కప్పను కట్టి ఇంటింటా నీళ్లు పోయించే కప్పతల్లి ఆట ఉంది. కప్పకీ వానకీ ఉన్న చుట్టరికాన్ని మన పెద్దలు అంత దగ్గరగా చూశారు. ఆ చుట్టరికాన్ని ఇప్పుడు కుంట గట్టు మీద నిలబడి చెవులారా వినొచ్చు.

ఫోన్‌తో మంచి ఫొటో ఎలా?

ఫోన్ ఫ్లాష్ ఆపేయండి. తడి చర్మం మీద అది తెల్లటి మచ్చలు వేస్తుంది. స్నేహితుడు పక్క నుంచి, 45 డిగ్రీల వాలులో, టార్చికి పలచటి తెల్ల కాగితం అడ్డంపెట్టి వెలుతురు ఇవ్వాలి. మీరు కప్ప కంటి ఎత్తుకి వంగండి. పక్క నుంచి ఒకటి, వీపు ఒకటి, వెనక కాలి వేళ్ల మధ్య పొర కనిపించేలా ఒకటి. మూడూ ఉంటే జాతి చెప్పగలిగేవాళ్లకి పని సులువు. ఒక కప్ప మీద రెండు నిమిషాలకి మించి లైటు ఉంచొద్దు. అరుపుని వేరుగా 30 సెకన్లు రికార్డు చేయండి, ఫొటో లేకపోయినా అది చాలు.

తేదీ, సమయం, చోటు, వాన ఎప్పుడు ఆగింది, ఎన్ని గొంతులు వినిపించాయి అన్నవి రాసుకుని, చూసిన జీవుల్ని ఎవరైనా నమోదు చేసే వెబ్‌సైట్లు ఐనాచురలిస్టులోనో, ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్‌లోనో పెట్టండి. అరుదైనది దొరికితే ఐనాచురలిస్టులో కచ్చితమైన చోటు దాచే వీలుంది, వాడండి.

బూట్లు కడగమంటారెందుకు?

కైట్రిడ్ అనే శిలీంధ్రం ప్రపంచంలో ఎన్నో కప్ప జాతుల్ని దెబ్బతీసింది. మన దేశంలో కూడా ఉంది. తడి బురదలో ఒక కుంట నుంచి మరో కుంటకి మన బూట్లే మోసుకెళ్తాయి. ఒక రాత్రికి ఒకే కుంట అనే నియమం పెట్టుకుంటే సగం సమస్య పోతుంది. తిరిగొచ్చాక బురదని బ్రష్‌తో పూర్తిగా రుద్ది కడిగి, మర్నాడు ఎండలో లోపలా బయటా ఎండబెట్టండి. పూర్తిగా ఎండితే ఆ శిలీంధ్రం చస్తుంది. బురద అంటుకుని ఉండగా మందు చల్లితే పనిచేయదు.

వెళ్లాం, ఒక్క కప్పా అరవలేదు. ఎందుకు?

గాలి గట్టిగా వీస్తే ఒళ్లు ఎండిపోతుందని బయటికి రావు. పది రోజులుగా వాన లేకపోయినా అంతే. దగ్గర్లో డీజే మోగుతుంటే చాలా జాతులు ఆగిపోతాయి. ఇవేవీ కాక, మంచి వాన పడ్డ రాత్రి కూడా కుంట మూగగా ఉందంటే చేపపిల్లల్ని వదిలారేమో, పక్క పొలంలో మందు కొట్టారేమో రైతుని అడగండి. ఆ మౌనాన్నీ తేదీతో సహా రాసుకోండి. వచ్చే ఏడు అదే వారం మళ్లీ వెళ్లినప్పుడు పోల్చుకోవడానికి అదే కావాలి.

తిరుగు ప్రయాణంలో ఏం చూసుకోవాలి?

వాన రాత్రి తారు రోడ్డు మీదికి కప్పలు వస్తాయి. కుంటలు, మాగాణుల పక్కన గంటకి 20 కిలోమీటర్ల వేగం దాటొద్దు. బైకులైతే ఒకదాని వెనక ఒకటి, ఒకే టైరు దారిలో నడపండి. రోడ్డు మీద కనిపించిన కప్పని అది ఏ వైపు తిరిగి ఉందో ఆ వైపుకే దాటించండి, వెనక్కి పెడితే మళ్లీ ఎక్కుతుంది. వెనక బండ్లకి కనపడేలా ఒకరు లైటు ఊపుతూ నిలబడితేనే రోడ్డు మీదికి దిగండి. ఇక బయల్దేరే ముందు, ఆపి ఉంచిన బండి టైర్ల కింద ఒకసారి టార్చి వేసి చూడండి. వెచ్చటి రబ్బరు పక్కన గోండ్రుకప్పలు చేరి ఉంటాయి.